రంగు వేసినా మళ్లీ తేలే గోడ మరకలు: పాత ఇంట్లో వాటిని ఆపడం ఎలా?

కొత్తగా రంగు వేశారు. రెండు రోజులు గోడ శుభ్రంగా కనిపించింది. మూడో రోజు పొద్దున చూస్తే, పాత మరక ఉన్న చోటే లేత పసుపు చుట్టు ఒకటి తేలింది. ఇంకో పూత వేస్తే పోతుందిలే అనుకుని వేశారు. వారం తిరక్కుండా అదే చుట్టు, అదే చోట.

మా పడకగది పైకప్పు మూలన ఇలాంటి మరక మీద ఒక ఏడాదిలో మూడుసార్లు రంగు వేయించాను. మూడుసార్లూ తిరిగి వచ్చింది. ఆ మూల పైన ఉన్న నీళ్ల పైపు జాయింటు సన్నగా కారుతోందని ఆ తర్వాత తెలిసింది. దాన్ని బాగుచేయించి, పైకప్పును పూర్తిగా ఆరనిచ్చి, సరైన ప్రైమర్ (రంగుకు ముందు అడుగున వేసే పూత) వేశాక మరక మళ్లీ రాలేదు. మొదటి మూడుసార్లు పోసిన డబ్బు, శ్రమ అంతా వృథా. మీకు ఆ నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను.

రంగు వేసినా మరక ఎందుకు పైకి వస్తుంది?

ఇళ్ల లోపలి గోడలకు మనం ఎక్కువగా వాడే ఎమల్షన్ పెయింట్‌లో పలుచన చేసే ద్రవం నీరే. గోడలో ఉన్న మరక నీటిలో కరిగే రకమైతే, తడి రంగు తగలగానే కరగడం మొదలవుతుంది. రంగు దిగే బట్ట మీద తడిసిన తెల్ల బట్ట పరిచినట్టే. పూత ఆరేటప్పుడు నీరు పైకి వచ్చి ఆవిరైపోతుంది, తనతో మోసుకొచ్చిన మరకను మాత్రం పైన వదిలేస్తుంది. మీరు వేసే ప్రతి కొత్త పూతా ఆ మరకను మళ్లీ తడుపుతుంది. మందంగా వేసినా, ఖరీదైన రంగు వేసినా ఫలితం ఇంతే. ఆపాల్సింది ఆ నీటికీ మరకకూ మధ్య కలిసే దారిని.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఆ మరక ఇంకా బతికే ఉందా, లేక ఎప్పుడో ఆగిపోయిందా? బతికున్న మరక అంటే దాని వెనక నీరో, చెమ్మో, తుప్పో ఇంకా పనిచేస్తూనే ఉంది. దాని మీద ఎంత మంచి ప్రైమర్ వేసినా కొన్నాళ్లే. ఆగిపోయిన మరకనైతే ఒక్క వారాంతంలో వదిలించుకోవచ్చు.

అడుగు 1: పెన్సిల్‌తో గీత గీసి, ఆగండి

మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి. పక్కనే తేదీ రాయండి. పెన్నూ మార్కరూ మాత్రం వాడొద్దు, వాటి సిరా కూడా రేపు రంగులోంచి పైకి తేలుతుంది. కనీసం రెండు, మూడు వారాలు చూడండి. ఆ మధ్యలో ఒక గట్టి వాన పడితే ఇంకా మంచిది. మరక గీత దాటిందంటే, రంగు ముదిరిందంటే, వాన పడ్డాక చేతికి చల్లగా మెత్తగా తగిలిందంటే అది బతికే ఉంది.

బయటి గోడకు చెమ్మ ఉంటే అది గోడ లోపలి నుంచి వస్తోందా, గదిలోని గాలి నుంచి వస్తోందా అన్నది కళ్లతో చూసి చెప్పలేం. దీనికో సులువైన పరీక్ష ఉంది. మరక ఉన్న చోట పైపొడిని తుడిచి, పొడవూ వెడల్పూ 30 సెంటీమీటర్లున్న అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపు వేయండి. రెండు రోజుల తర్వాత చూడండి. ఫాయిల్ పైన, అంటే గది వైపు, నీటి బిందువులుంటే గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతోందని అర్థం. ఫాయిల్ తీసి చూస్తే గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచే వస్తోంది. ఈ రెండింటికీ వైద్యం వేరు వేరు కాబట్టి ఈ పరీక్ష మానొద్దు.

తేమ కొలిచే మీటరు మీ దగ్గర ఉంటే ఒక జాగ్రత్త. రెండు సూదులుండే మీటర్లను సాధారణంగా చెక్క కోసం తయారుచేస్తారు. ఇటుక, ప్లాస్టర్ మీద అది చూపే అంకె అసలు తేమ శాతం కాదు. పైగా గోడలో ఉప్పు ఉంటే తడి లేకపోయినా ఎక్కువ చూపిస్తుంది. అందుకే అంకెను నమ్మకుండా, అదే ఇంట్లో పొడిగా ఉన్న గోడ మీద పెట్టి రెండింటినీ పోల్చి చూడండి.

అడుగు 2: అది ఏ మరకో గుర్తుపట్టండి

నా ఉద్దేశంలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. ఇక్కడ పొరపడితే తర్వాతి అడుగులన్నీ తప్పుతాయి. నిదానంగా చదవండి.

*గోధుమ రంగు అంచుతో చుట్లు చుట్లుగా ఉంటే* అది నీటి మరక. నీరు గోడలోనో పైకప్పులోనో పాకుతూ దారిలో ఉన్న మట్టి, చెక్కలోని రంగు, పాత పూతల్లోని పదార్థాలు కరిగించుకుని వస్తుంది. ఆరేటప్పుడు అవన్నీ అంచున పేరుకుంటాయి. ఒకదాని లోపల ఒకటి చుట్లున్నాయంటే చాలాసార్లు తడిసి ఆరిందని లెక్క.

*తెల్లటి పొడి, సన్నటి నూలు పోగుల్లాంటి పూత, దాని చుట్టూ పొక్కులు, ఊడుతున్న పెచ్చులు ఉంటే* గోడకు ఉప్పు తేలిందని అర్థం. వేలితో రాస్తే పొడిగా రాలుతుంది, నీటి చుక్క వేస్తే చాలావరకు కరిగిపోతుంది. దీన్ని బూజు అనుకుని చాలామంది బ్లీచ్ పోస్తారు. దానివల్ల ప్రయోజనం లేకపోగా గోడకు ఇంకా నీరు పట్టించినట్టవుతుంది. ఇటుకలోనూ ప్లాస్టర్‌లోనూ మట్టిలోనూ ఉండే లవణాలను నీరు కరిగించి తెచ్చి, తాను ఆవిరై, వాటిని వదిలేస్తుంది. ఆ స్ఫటికాలు పెరిగే ఒత్తిడికి రంగు పొర లేచిపోతుంది.

ఈ ఉప్పు నేల దగ్గర మొదలై, గోడ పొడవునా సుమారు ఒక మీటరు ఎత్తులోపు అలల గీతలా ఆగితే అది నేల నుంచి పైకి పాకే చెమ్మ కావచ్చు. కానీ ఆ నిర్ణయానికి వెంటనే రాకండి. బయట గోడను ఆనుకుని మట్టి ఎత్తుగా పోసి ఉన్నా, తూము నీళ్లు గోడ మొదట్లో పడుతున్నా, లోపల పైపు కారుతున్నా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ముందు వాటిని చూసి, అవి కావని తేల్చుకున్నాకే చెమ్మ నేల నుంచి పాకుతోందని అనుకోవాలి.

*నల్లగానో ఆకుపచ్చగానో చుక్కలు చుక్కలుగా ఉండి, ముక్కిన వాసన వస్తుంటే* బూజు. అల్మారా వెనక, గది మూలల్లో, కిటికీ చుట్టూ, స్నానాల గదిలో ఎక్కువ. బూజో, మట్టో తేలకపోతే ఒక వంతు బ్లీచ్‌కు 16 వంతుల నీరు కలిపి, దూదితో ఒక్క చుక్క అద్దండి. రెండు మూడు నిమిషాల్లో రంగు వెలిస్తే అది బూజే అయ్యుండాలి. మారకపోతే మసో, మట్టో.

*గోడంతా ఒకే తీరుగా పసుపు పట్టి, ఫొటో తీసేసిన చోట మాత్రం తెల్లటి చతురస్రం మిగిలితే* అది పొగ. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చిన గదుల్లో ఇది గట్టిగా పడుతుంది. ఎమల్షన్ తగిలితే గోధుమ రంగు ధారలుగా కారుతుంది కూడా. వంటింట్లో అయితే పొగతో పాటు జిడ్డు కలిసి ఉంటుంది.

*ఎర్రటి గోధుమ చుక్కలు, చుక్క నుంచి కిందికి జారిన గీత ఉంటే* తుప్పు. లోపల మేకో, స్క్రూవో, పాత ఇనుప పైపో, స్లాబులో కమ్మీయో ఉంది. చుక్క దగ్గర పగులు కూడా ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ప్లాస్టర్‌ను బయటికి నెడుతుంది. పైకప్పు స్లాబు నుంచి పెచ్చులు రాలి కమ్మీలు కనిపిస్తున్నాయంటే అది రంగుతో తీరే పని కాదు, ఇంజనీరుకు చూపించాలి.

*చెక్క పలకల మీద, తలుపుల చట్రాల మీద గుండ్రటి గోధుమ మచ్చలు ఉంటే* చెక్క ముడులలోంచి వచ్చే జిగురూ, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థమూ కారణం. చెక్క ఎంత పాతదైనా తడి రంగు తగిలితే ఇది పైకి రాగలదు.

పిల్లలు గీసిన మార్కర్ గీతలు, సిరా, పాత వాల్‌పేపర్ జిగురు కూడా ఇలాగే తేలతాయి. ఇవి చిక్కు పెట్టేవి కావు, సరైన ప్రైమర్ ఒక్కటే చాలు.

మరక లోపలి నుంచి వచ్చిందని మనల్ని భ్రమపెట్టేది ఒకటుంది. స్నానాల గదికి కొత్తగా రంగు వేసిన కొద్ది రోజులకే గోడ మీద గోధుమ రంగు, కాస్త జిగురుగా ఉండే ధారలు కనిపిస్తే కంగారు పడకండి. అవి ఆ కొత్త రంగులోని సబ్బులాంటి పదార్థాలే. రంగు పూర్తిగా గట్టిపడకముందే వేడినీటి ఆవిరి తగిలితే పైకి వస్తాయి. మెత్తటి గుడ్డను నీటిలో తడిపి తుడిస్తే పోతాయి. మళ్లీ ఒకటి రెండుసార్లు వస్తే మళ్లీ తుడవండి. దీని మీద కొత్త పూతలు అక్కర్లేదు.

అడుగు 3: మూలాన్ని ఆపండి, గోడను ఆరనివ్వండి

నీటి మరకకు సరిగ్గా పైనే లీకు ఉంటుందని అనుకోవద్దు. నీరు దూలం వెంట, పైపు వెంట, స్లాబు వాలు వెంట చాలా దూరం పాకి, ఎక్కడో వీలు చూసుకుని దిగుతుంది. వాన పడినప్పుడే మరక ముదురుతుంటే పైకప్పు పగుళ్లు, పిట్టగోడ మొదలు, తూము మూతి, కిటికీ చట్రం అంచులు చూడండి. వానతో సంబంధం లేకుండా తడి ఉంటే నీళ్ల పైపు. స్నానం చేసినప్పుడో, నీళ్లు పారబోసినప్పుడో మాత్రమే తడిస్తే మురుగు పైపు, లేదా టైల్స్ మధ్య సందులు. నీళ్ల పైపు అనుమానమైతే ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు అంకె రాసుకుని, రెండు గంటల తర్వాత చూడండి. అంకె కదిలిందంటే ఎక్కడో నీరు పోతోంది.

చెమ్మ గదిలోని గాలిదైతే గాలి ఆడనివ్వడమే మందు. స్నానాల గదిలో, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి, స్నానం అయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి. తడి బట్టలు గదిలో ఆరేయొద్దు. బయటి గోడకు ఆనించిన బీరువాను అరచేయి పట్టేంత ముందుకు జరపండి. గదిలో తేమ శాతం 60 దాటకుండా ఉంటే బూజుకు ఊపు తగ్గుతుంది, 30 నుంచి 50 మధ్య ఉంటే మరీ మంచిది. దాన్ని చూపే చిన్న మీటర్లు దొరుకుతాయి.

నేల నుంచి చెమ్మ పాకే గోడకు లోపలి నుంచి నీరు పట్టని రంగో, పూతో వేసేయడం చాలామంది చేసే పని. దయచేసి చేయొద్దు. ఆరే దారి మూసుకుపోతే నీరు ఆ పూత పైఅంచు దాకా ఎక్కి అక్కడ తేలుతుంది, లేదా పూతనే పెచ్చులుగా నెట్టేస్తుంది. సున్నపు గచ్చుతో కట్టిన పాత గోడలు తేమను పీల్చి వదులుతూ బతుకుతాయి. వాటిని ప్లాస్టిక్‌లాంటి పొరతో బిగించకూడదు. ముందు బయట గోడను ఆనుకున్న మట్టి దించండి, వాన నీరు గోడకు దూరంగా పోయేలా వాలు చేయండి. చాలా ఇళ్లలో సగం సమస్య ఇక్కడే తీరుతుంది. అప్పటికీ తగ్గకపోతే, పునాది మీద ఉండే తేమ నిరోధక పొరను, మేస్త్రీలు డీపీసీ అనేదాన్ని, అనుభవమున్నవారికి చూపించండి.

లీకు ఆగిన రోజే రంగు డబ్బా తెరవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ తడిసిన ఇటుక గోడ చాలా నెమ్మదిగా ఆరుతుంది. 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు ఒక నెల అని కట్టడం పనివాళ్లు వేసుకునే మోటు లెక్క. పైకప్పుకున్న పలుచటి బోర్డు ఒకటి రెండు వారాల్లో ఆరవచ్చు. బాగా తడిసి నానిన గోడకు నెలలు పడుతుంది. ఫ్యాన్లు పెట్టి, కిటికీలు తెరిచి సాయం చేయండి. ఫాయిల్ పరీక్ష మళ్లీ చేసి, గోడ వైపు పొడిగా ఉంటేనే ముందుకు కదలండి.

అడుగు 4: గీకేముందు పాత రంగులో ఏముందో చూసుకోండి

పాత ఇళ్ల పెయింట్లలో సీసం కలిసి ఉండే అవకాశం ఉంది. ముఖ్యంగా తలుపులు, కిటికీలు, వాటి చట్రాల మీద వేసిన పాత ఎనామెల్ పూతల్లో. సీసం ఇంత వరకైతే పర్వాలేదు అనే హద్దు పిల్లల విషయంలో లేదు. అందుకే పొడి గరుకు కాగితంతో దుమ్ము లేపుతూ రుద్దడం, యంత్రంతో రుద్దడం, మంటతో కాల్చి ఊడదీయడం ఏవీ చేయొద్దు. పరీక్ష కిట్లు దొరుకుతాయి, ప్రయోగశాలకు ముక్క పంపితే ఇంకా కచ్చితంగా చెబుతారు. సీసం ఉందని తేలినా, పరీక్ష చేయించలేకపోయినా, గోడను నీటితో తడిపి తడిగానే గీకండి. కింద ప్లాస్టిక్ షీటు పరిచి, రాలినదంతా అందులోనే చుట్టి తీసేయండి. సన్నటి ధూళిని ఆపే మాస్క్ తప్పనిసరి. పిల్లలూ గర్భిణులూ పని పూర్తై, తడిగుడ్డతో అంతా తుడిచేవరకూ ఆ గదిలోకి రాకూడదు. ఎక్కువ విస్తీర్ణం గీకాల్సి వస్తే శిక్షణ ఉన్నవారికి అప్పగించండి.

పైకప్పుకు గరుకుగా, బుడిపెలుగా ఉండే పాత అలంకరణ పూత ఉంటే అందులో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార లాంటి ఖనిజం) ఉండొచ్చు. పరీక్షించకుండా గీకొద్దు.

అడుగు 5: మరకను బట్టి శుభ్రం చేయండి

తేలిన ఉప్పును నీటితో కడగకూడదు. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టి బ్రష్షుతో దులిపి, ఆ పొడిని వాక్యూమ్‌తో గానీ చేటలోకి గానీ తీసేయండి. నాలుగు రోజులాగి మళ్లీ చూడండి. మళ్లీ తేలితే మళ్లీ దులపండి. గోడ ఆరేకొద్దీ ఒక్కోసారికి తక్కువవుతూ వస్తుంది. పూర్తిగా ఆగేదాకా రంగు జోలికి పోవద్దు. ప్లాస్టర్ మెత్తబడి పొడిపొడిగా రాలుతుంటే అందులో ఉప్పు నిండిపోయిందని అర్థం. గట్టి ప్లాస్టర్ తగిలేదాకా కొట్టేసి కొత్తగా పూయించడమే దారి.

బూజు ఒక చదరపు మీటరు లోపుంటే మీరే తీయొచ్చు. అంతకు మించితే, లేదా ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే వేరేవాళ్లకు అప్పగించడం మంచిది. ఎన్‌-95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. డిటర్జెంట్ నీటితో రుద్ది కడిగి పూర్తిగా ఆరబెట్టండి. మరకగా రంగు మిగిలితే లీటరు నీటికి 60 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి రాయొచ్చు. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న క్లీనర్‌ను గానీ, వెనిగర్‌ను గానీ, బాత్రూమ్ యాసిడ్‌ను గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. విషవాయువు పుడుతుంది. బూజు పట్టి మెత్తబడిన బోర్డును కడిగి లాభం లేదు, కోసి తీసేయాలి.

పొగ పట్టిన గోడను కింది నుంచి పైకి కడగండి. వింతగా అనిపిస్తుంది కానీ దానికి కారణముంది. పై నుంచి మొదలుపెడితే మురికి నీరు పొడి గోడ మీద ధారలుగా జారి, ఆ చారలు మళ్లీ వదలవు. కింద ముందే తడిసి ఉంటే ధార అంటుకోదు. గోరువెచ్చటి నీరు, డిటర్జెంట్, మెత్తటి స్పాంజి చాలు. నీళ్లు నల్లబడగానే మార్చండి, చివర్లో మంచినీటితో తుడవండి. కొవ్వొత్తి మసిలాంటిది అయితే ముందు తడి తగలనివ్వకుండా పొడి స్పాంజితో తీసేయాలి, తడిపితే గోడలోకి ఇంకుతుంది.

వంటింటి జిడ్డు మీద ఏ రంగూ, ఏ ప్రైమరూ పట్టదు. జిడ్డు కరిగించే క్లీనర్‌తో రెండుసార్లు కడిగి, ఆరాక అరచేత్తో రాసి చూడండి.

మేకు తుప్పయితే మేకు తీసేయగలిగితే తీసేయండి. లేదంటే మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, ఇనుముకు వాడే రెడ్ ఆక్సైడ్‌లాంటి ప్రైమర్ వేసి, ఆరాక లప్పం పెట్టండి. తుప్పు మీద నేరుగా నీటి ఆధారిత రంగో, నీటితో కలిపిన లప్పమో పెడితే మళ్లీ తుప్పు పడుతుంది.

అడుగు 6: కింద ఉన్న పూత గట్టిగా ఉందా?

పాత ఇంటి గోడ మీద చాలా పొరలుంటాయి. అరచేత్తో గట్టిగా రాసి చూడండి. తెల్లటి పొడి అంటితే అడుగున సున్నమో, పాత డిస్టెంపరో ఉంది. ప్రైమర్ ఆ పొడికి అంటుకుని, పొడితో పాటే ఊడివస్తుంది. గీకి, తడి స్పాంజితో పొడి పోయేదాకా కడగాలి. టేపు ముక్క అతికించి చటుక్కున లాగితే రంగు టేపుతో పాటు వస్తోందా? వస్తే అక్కడిదాకా గీకేయాలి. నునుపుగా మెరిసే ఎనామెల్ ఉంటే తడి గరుకు కాగితంతో మెరుపు పోయేలా తేలిగ్గా రుద్దండి.

పగుళ్లూ గుంటలూ ఉంటే ఈ దశలో లప్పంతో నింపొద్దు. మరక మీద ముందు ప్రైమర్ వేసి, ఆ తర్వాత లప్పం, లప్పం మీద మళ్లీ ప్రైమర్. లప్పంలోనూ నీరుంటుంది కాబట్టి మరకను అది కూడా పైకి లాగుతుంది.

అడుగు 7: ఏ ప్రైమర్?

మామూలు వాల్ ప్రైమర్ గోడ ఒకే తీరుగా రంగు పీల్చుకోవడానికే. మరకను ఆపడం దాని పని కాదు. డబ్బా మీద మరకలను అడ్డుకుంటుందని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. అవి మూడు రకాలు.

అన్నింటికంటే గట్టిది షెల్లాక్ ప్రైమర్. లక్క పురుగు నుంచి వచ్చే జిగురును ఆల్కహాల్‌లో కరిగించి చేస్తారు. ఇందులో నీరుండదు, అందువల్ల నీటి మరకను కరిగించదు. గంటలోపే ఆరుతుంది. పొగ, పాత వాసనలు, చెక్క ముడులు, మార్కర్, నీటి చుట్లు అన్నింటినీ ఆపుతుంది. లోపాలూ ఉన్నాయి. ఘాటైన వాసన, మంట అంటుకునే గుణం. నిత్యం తడిగా ఉండే చోట నిలవదు. వేసేటప్పుడు ఇంట్లో పొయ్యి, కొవ్వొత్తి ఏదీ వెలగకూడదు.

రెండోది నూనె ఆధారిత ప్రైమర్. నీటి మరకలకూ, కడిగాక మిగిలే జిడ్డు మరకలకూ, పొగకూ బాగా పనికొస్తుంది, కానీ ఆరడానికి రాత్రంతా పడుతుంది. బ్రష్షులు టర్పెంటైన్‌తో కడగాలి. కొత్తగా పూసిన సిమెంటు ప్లాస్టర్ మీద దీన్ని వేయొద్దు. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ, ఆ క్షారం నూనెతో కలిసి పొరను సబ్బులా మార్చి జిగటగా చేసేస్తుంది. కొత్త ప్లాస్టర్‌ను కనీసం 28 రోజులు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వాడండి.

మూడోది మరకలను ఆపే నీటి ఆధారిత ప్రైమర్. వాసన తక్కువ, వాడటం సులువు. లేత మరకలకు చాలు. గట్టి పసుపు చుట్లకూ సిగరెట్ పొగకూ దీన్ని నమ్ముకోవద్దు. నన్నడిగితే, రెండేళ్లుగా విసిగిస్తున్న పాత నీటి మరకకు నేరుగా షెల్లాక్ వాడమంటాను. చిన్న డబ్బా కొంటే సరిపోతుంది, రెండుసార్లు చేసే పని తప్పుతుంది.

నూనె, షెల్లాక్ రెండూ వాడేటప్పుడు దుమ్ము మాస్కు చాలదు, అది ఆవిరిని ఆపలేదు. రసాయన ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి, కిటికీలు తెరిచే ఉంచాలి. నూనె ప్రైమర్ అంటిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయొద్దు. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే ప్రమాదముంది. ఆరుబయట విప్పి ఆరేసి తర్వాతే పారేయండి.

అడుగు 8: చిన్న ముక్క మీద పరీక్షించి, తర్వాత మొత్తం వేయండి

మరకలో బాగా ముదురుగా ఉన్న చోట అరచేయంత మేర ప్రైమర్ వేసి ఆరనివ్వండి. ప్రైమర్ మీద పసుపు నీడ కాస్త కనిపించినా నిరాశపడొద్దు. మరక ప్రైమర్ పొరలో బందీ అయినా దాని నీడ కనబడొచ్చు. అసలు పరీక్ష పైన వేసే ఎమల్షనే. ఆ ముక్క మీద ఒక పూత ఎమల్షన్ వేసి ఒక రోజు ఆగండి. తెల్లగా నిలిస్తే గెలిచినట్టే. మళ్లీ పసుపు తేలితే ఇంకో పూత ప్రైమరో, ఒక మెట్టు గట్టి ప్రైమరో కావాలి. అప్పటికీ ఆగకపోతే మూలం ఇంకా బతికే ఉంది, మూడో అడుగుకు వెనక్కి వెళ్లండి.

పరీక్ష నెగ్గాక, మరక అంచు దాటి 10 నుంచి 15 సెంటీమీటర్ల వరకు ప్రైమర్ వేయండి. బ్రష్షును ఒకే చోట పదేపదే ఆడించొద్దు, అలా చేస్తే కింది మరక కదిలి తడి పూతలో కలుస్తుంది. ఒక పలుచటి పూత, ఆరాక ఇంకొకటి. మధ్యలో ఎంత సేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువున్న రోజు అంతకు రెట్టింపు ఆగండి. పొగ పట్టిన గదైతే మచ్చలు వెతుక్కుంటూ కూర్చోవద్దు, పైకప్పుతో సహా మొత్తానికీ వేసేయండి.

పై రంగు విషయంలో ఒక్క మాట. మరక ఉన్న చోట మాత్రమే ఎమల్షన్ అద్దితే, అదే డబ్బాలోని రంగైనా, ఆ ముక్క వేరే మెరుపుతో అతుకులా కనిపిస్తుంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ గోడంతా, పైకప్పైతే పైకప్పంతా వేయండి. రెండు పూతలు చాలు.

స్నానాల గదికి వేసినట్టయితే వీలైనన్ని రోజులు అందులో వేడినీటి స్నానం ఆపండి. మిగిలిన ప్రైమర్ డబ్బా మీద ఏ గదిలో, ఏ గోడకు, ఏ తేదీన వేశారో రాసి పెట్టుకోండి. మొదటి వానాకాలంలో నెలకోసారి ఆ చోట చేయి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఈసారి రంగు డబ్బా కాకుండా పెన్సిల్ తీయండి.